పంకజాక్షి జంటి ఖాతె

మా ఆడబిడ్డ పంకజాక్షి గురించి రాసేంత ఏముండాది అని మా ఇంట్లో ఎవురిని అడిగినా అంటారు. నేనూ అట్లే అంటాంటి. వండింది, వడ్డించింది, పిల్లోళ్ళని పెంచింది, అంతే గదా అని. పోయిన ఎండాకాలం ఈదిలో నిలబడి నా నోటితో నేను చేసిన పని తర్వాత అట్ల అనేకి నాకు నోరు రావడంలేదు.

పంకజాక్షి మా ఆయన రాజగోపాలయ్యకి ఒక్కతే చెల్లెలు. నేను బళ్ళారికి, బ్రూసుపేటలో ఉండే ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు రెండు జడలేసుకుని బడికి పోతాండె. పెద్దమనిషి కాంగానే బడి మాన్పించి ఆదోనిలో నూనె వ్యాపారం చేసేవాళ్ళకి ఇచ్చినారు. ఏడాది తిరగకముందే ట్రంకుపెట్టె పట్టుకుని వెనక్కి వచ్చింది. ఆయప్పకి గుంతకల్లులో ముందే ఒక సంసారం ఉండాదంట. ఈ పిల్లని చేసుకుంది వాళ్ళమ్మ కోసమంట.

మా మామకి బజారులో మర్యాద ముఖ్యం. మొగుడు వదిలేసినాడని చెప్పుకునేదానికన్నా మొగుడు పోయినాడని చెప్పేదే మేలని ఇంట్లో పెద్దోళ్ళు తీర్మానం చేసినారు. జ్వరం వచ్చి పోయినాడని అందరం ఒకే మాట చెప్పినాం. మా అత్త తడిగుడ్డ తెచ్చి బొట్టు తుడిచేసింది. బతికున్నోడికి పెండ్లాం విధవ అయ్యింది. పంకజ ఒక్క మాట అనలేదు. ఈదిలో పాతోళ్ళు పోయి కొత్తోళ్ళు వచ్చినారు, మా కొడుకు మంజునాథ్ పెద్దోడై పెండ్లి చేసుకున్నాడు, వాడికి వినూత పుట్టింది. అందరికీ అదే మాట. చిన్నతాత జ్వరంతో పోయినాడు.

వినూతని పెంచింది కూడా పంకజే. మాది పసుపు కుంకాల అంగడి. మా ఆయన పోయినాక గల్లాపెట్టె కాడ నేను కూర్చున్నా. కోడలు బడిలో టీచరు. ఆ పిల్లకి పాలు పట్టేది, జడేసేది, జ్వరమొస్తే ఎత్తుకుని తిరిగేది చిన్నవ్వే. నేను పేరుకు అవ్వని. దెబ్బ తగిలితే అది ఏడ్చుకుంటా పోయేది చిన్నవ్వ కాడికే.

బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు కుట్టని సందు లేదు. కుట్టినాక ప్యాంటు నిండా దారాలు వేలాడతా ఉంటాయి. ఆ దారాలు కత్తిరించేకి ఇండ్లకి మూటలు పంపిస్తారు. మా సందుకి మూటలు తెచ్చే పిల్లోడు భీమేష్. ఎదురింటి దురుగమ్మ చేస్తాంటే చూసి, పంకజ కూడా మొదలుపెట్టింది.

"శెట్ల ఇంట్లో ఊరోళ్ళ ప్యాంట్లకి దారాలు పీకేదేంది?" అని నేను అరిచినా.

"ఊరికే కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి వదినా," అనింది. అంతే. మధ్యాన్నం వంటిల్లు సర్దుకుని తిన్నె మీద కూర్చునేది. చిన్న కత్తెర టిక్కుటిక్కుమంటా సాయంత్రం దాకా. ఉతకని జీన్సు గుడ్డ చేతికి రంగు అంటిస్తాది. ఆమె వేళ్ళ కొసలు ఎప్పుడూ నీలంగానే ఉంటాండె. ఆ చేత్తో అన్నం కలపొద్దని నేను కసురుకుంటే, పీతాంబరి పొడితో రుద్దుకుని వచ్చి కలిపేది.

కూలి మొదట్లో భీమేషే చేతికి ఇస్తాండె. తర్వాత ఫ్యాక్టరీ ఓనరు అకౌంటుకే వేస్తాననినాడు. "నీకెందుకు అకౌంటు, మంజు నంబరు ఇయ్యి," అన్నా నేను. ఇచ్చింది. అవి పోయి అంగడి డబ్బుల్లో కలిసిపాయె. వాడు ఇయ్యననలేదు, ఆమె అడగలేదు. పోయిన ఏడు ఓనరు ఇంకో మాట పంపించినాడు. పని ఎవురు చేస్తారో వాళ్ళ పేరు మీదే అకౌంటు ఉండాలంట, లేకుంటే మూట ఇయ్యడంట.

"అట్లయితే మానెయ్యి. పీడా పోతాది," అన్నా.

పంకజ తల ఊపింది. మానేస్తాదనుకున్నా, కానీ ఓనరు కొన్నాళ్ళు గడువు ఇచ్చినాడంట, మూటలు వస్తానే ఉండె.

ఈలోగా వినూతకి పద్దెనిమిది నిండినాయి. సెకండ్ పీయూసీ పరీక్షలు అయిపోయి ఇంట్లోనే ఉండాది. ఒక రోజు చిన్నవ్వ, మనవరాలు ఇద్దరూ తయారై దుర్గమ్మ గుడికి పోయొస్తామని పోయినారు. ఎండ నెత్తికెక్కినాక వచ్చినారు. చేతిలో ప్రసాదం లేదు. నేను అది గమనించినా, గమనించి నోరు మూసుకున్నా. నాకు అట్లాంటివి దాచిపెట్టుకునే గుణం ఉండాది, పనికొస్తాయని.

తర్వాత వారం, వినూత నీళ్ళు పోసుకుంటాంటే దాని ఫోను మోగింది. హాల్లో చార్జింగుకి పెట్టింటే నేనే ఎత్తినా. బ్యాంకు నుంచి అంట. మాట చూస్తే మైసూరు దిక్కువాడు, మెత్తగా, పుస్తకం చదివినట్ల మాట్లాడతాడు. "వినూత అవర జంటి ఖాతె ఓపన్ ఆగిదె. ఇబ్బరూ బందు సహి మాడి, పాస్‌బుక్ తగొండు హోగలి," అన్నాడు.

నాకు బజారు కన్నడ నీళ్ళ మాదిరి వస్తాది. కన్నడమోళ్ళతో కన్నడంలో బేరం, సాయిబులతో వాళ్ళ మాటల్లోనే తగువు. ఈ ముసల్దానికి అర్థం కాని భాష లేదని అంగట్లో అందరూ అంటారు, నేనూ అదే అనుకుంటా. ఇద్దరూ వచ్చి సంతకం పెట్టాలనేది అర్థమాయె. ఖాతె అర్థమాయె. ఇంక జంటి. జంట అంటే నాకు తెలీదా?

"యారప్పా ఇన్నొబ్బరు?" అని అడిగినా, రెండో మనిషి ఎవుడని.

"అదు అవరిగె గొత్తు అమ్మా," అని పెట్టేసినాడు. ఆ పిల్లకే తెలుసంట.

పద్దెనిమిది నిండేదాకా ఎందుకు ఆగింది? గుడికని పోయి ప్రసాదం లేకుండా ఎందుకొచ్చింది? అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. మా మనవరాలు ఎవుడితోనో రిజిస్ట్రీ పెండ్లి చేసుకుని, జంటగా బ్యాంకులో ఖాతా కూడా తెరిచింది. ఎవుడు? ఇంటికొచ్చే మగపిల్లోడు ఒక్కడే. మూట దించేటప్పుడు వినూత వాడితో నవ్వుకుంటా మాట్లాడేది నేను చూడలేదా?

నీళ్ళు పోసుకుని వచ్చినాక పిల్లని అడిగింటే అయిపోయేది. పంకజని పిలిచి అడిగినా అయిపోయేది. సరిగ్గా అప్పుడే బయట భీమేష్ బండి ఆగిన శబ్దమాయె. నేను ఈదిలోకి పోయినా.

"ఏమప్పా భీమేషూ, మూట తెచ్చినావా, తాళిబొట్టు కూడా తెచ్చినావా?"

వాడు మూట బుజం మీద పెట్టుకుని అట్లే నిలబడినాడు. "ఏంది శెట్టెమ్మా?"

"జంటగా ఖాతా తెరిచినారంట గదా! బ్యాంకోడు ఫోన్ చేసినాడు, ఇద్దరూ రావాలంట. పోండప్పా, పోండి. బాసికాలు మా అంగట్లోనే ఉండాయి, కట్టుకుని పోండి. ఊరికే ఇస్తా!"

కొళాయి కాడ ఆడోళ్ళు బిందెలు వదిలేసి చూస్తాండారు. దురుగమ్మ బజ్జీల బండికి మిరపకాయలు చీలుస్తాండె, కత్తి పట్టుకునే లేచొచ్చింది.

భీమేష్ మూట కింద పెట్టినాడు. "అమ్మా, నాకు పెండ్లయి రెండేండ్లాయె. పోయిన నెల మా బిడ్డ తొట్టిలు శాస్త్రానికి పసుపు కుంకం మీ అంగట్లోనే కొన్నా. మీరే కట్టిచ్చినారు. బిడ్డకి ఏం పేరు పెట్టినావని కూడా అడిగినారు."

కొళాయి కాడ ఎవురో పకపకా నవ్వినారు. అప్పుడన్నా నేను ఆగాల్సింది. నవ్వు వినపడినాక ఆగే రకం కాదు నేను. తిన్నె మీద పంకజ కత్తెర పట్టుకుని అట్లే చూస్తాంది. ఆమె మీదికి తిరిగినా.

"వీడు కాకుంటే ఇంకెవుడు? నీకు తెలీకుండా ఈ ఇంట్లో ఆ పిల్ల అడుగు తీయదు. నువ్వే గదా గుడికని తీసుకుపోయింది! ఆదోనిలో నీ జంట నువ్వు నిలుపుకోలేక పెట్టె ఎత్తుకుని వచ్చినావు, ఇప్పుడు ఇంకోర్ని జంట కలిపేకి పోయినావా?"

నవ్వు ఆగిపాయె.

"ఏమంటాండావు శెట్టెమ్మా?" అనింది దురుగమ్మ. "పంకజక్క మొగుడు జ్వరమొచ్చి సచ్చిపాయె కదా?"

ఆమె ఎకసెక్కానికి అడగలేదు. తెలీక అడిగింది. ఈదంతా నా మొగం చూస్తాంది. నా జన్మలో నాకు మాట రాకపోవడం అదే మొదలు.

వినూత తడి తలతో వాకిట్లోకి ఎప్పుడొచ్చిందో. మొత్తం విన్నాది.

"అవ్వా, జంటి అంటే జాయింటు," అనింది. అరవలేదు. అరిచింటే బాగుండు. "జాయింట్ అకౌంట్. నేను, చిన్నవ్వ. ఆమె పేరు, నా పేరు. అదే జంట. ఇంకెవుడూ లేడు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే తెరవనిస్తావా? మానెయ్యి పీడా పోతాదని అనినావు గదా. ఒక్కతే బ్యాంకుకి పోవాలంటే చిన్నవ్వకి భయం. ఫోను నొక్కేది రాదు. నా పేరు కూడా ఉంటే ధైర్యంగా ఉంటాదని అడిగింది. అంతే." తర్వాత ఆ పిల్ల పంకజ వైపు తిరిగింది. "చిన్నవ్వా, చిన్నతాత సచ్చిపోలేదా?"

పంకజ చీర మీది దారాలు దులుపుకుంది. "ఉండాడో లేడో నాకూ తెలీదమ్మా," అనింది. భీమేష్‌తో, "మూట తీసుకుపో నాయనా. నేను ఇంక చేయను," అని లోపలికి పోయింది.

"శనివారం దాకా ఆగుతా అక్కా," అన్నాడు ఆ పిల్లోడు తలుపు వైపు. "పాస్‌బుక్కు ఫోటో పంపిస్తే చాలు. శనివారం దాటితే ఓనరు ఈ మూట ఇంకో ఇంటికి రాసేస్తాడు." నా దిక్కు చూడలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్నీ మామూలుగానే జరిగినాయి. అదే నాకు పెద్ద శిక్ష. పంకజ పొద్దున్నే లేచింది, కాఫీ కలిపి నా ముందర పెట్టింది, "పప్పులోకి ఏ ఆకు వేయమంటారు వదినా," అని అడిగింది. మొగం మీద కోపం లేదు. ఏమీ లేదు. తిన్నె మీదికి మాత్రం పోలేదు. మధ్యాన్నం వంటింట్లో గోడకి ఆనుకుని ఖాళీ చేతులతో కూర్చునేది. వేళ్ళ కొసల్లో నీలం కొంచెం కొంచెం పోతాండె.

వినూత నాతో మాట మానేసింది. నేను ఆ పిల్లని బతిమాలుకునేకి పోయి, "బ్యాంకుకి తీసుకుపోరాదా చిన్నవ్వని," అన్నా.

"రానంటాంది. ఖాతా మూసేయమంటాంది."

"నువ్వు చెప్తే వింటాది."

"నేను చెప్పేదేముండాది? ఈదిలోకి ఎట్ల రావాలి అంటాంది. కొళాయి కాడ ఆడోళ్ళు, అక్కా నీ మొగుడు యాడుండాడు అని అడిగితే ఏం చెప్పాలి అంటాంది. నువ్వు చెప్పు, ఏం చెప్పాలి?"

నేను ఉగ్గాని చేసినా, పంకజకి ఇష్టమని. సగం తినింది, బాగుండాది వదినా అనింది, ప్లేటు కడిగేసింది. తప్పయిపోయింది అనే మాట నా గొంతు దాకా వచ్చి ఆగిపోతాండె. అంగట్లో తూకం తప్పు వచ్చినా నేను ఆ మాట అనలేదు ఎన్నడూ. తక్కెడది తప్పు అంటా. వంటింట్లో, ఎవురూ వినని చోట, పంకజకి ఒక్కదానికే చెప్పేయొచ్చని చానా సార్లు పోయినా వాకిలి దాకా. కానీ నేను అన్నది వంటింట్లో కాదు.

శుక్రవారం సాయంత్రం దురుగమ్మ బండి కాడ జనం మూగి ఉండారు. కొళాయి కాడి ఆడోళ్ళు, ఫ్యాక్టరీ దిగిన పిల్లోళ్ళు, బజ్జీల కోసం. నేను అంగడి నుంచి నేరుగా ఆడికి పోయినా.

"ఏం శెట్టెమ్మా, బజ్జీలు కావాల్నా?" అని దురుగమ్మ ఆశ్చర్యపోయింది. ఆమె చేతి బజ్జీ నేను ఎన్నడూ తినలేదు.

"వద్దు. ఒక మాట చెప్పేకి వచ్చినా. అందరూ వినండి."

నూనెలో బజ్జీలు చిటచిటమంటాండాయి. నేను గొంతు పెంచినా, అలవాటైన గొంతే.

"జంటి అనే మాటకి అర్థం నాకు తెలీదు. తెలుసనుకున్నా. నా మనవరాలిని, ఆ భీమేష్‌ని అనరాని మాటలన్నా. అదొకటి. ఇంకొకటి, మా పంకజ మొగుడు సావలేదు. ఇంకో ఆమెతో సంసారం పెట్టుకున్నాడు. మా పిల్ల నిలుపుకోలేక రాలేదు, ఆడ నిలుపుకునేకి ఏమీ లేదు. సచ్చిపోయినాడని చెప్పింది మేము, మా ఇంటి పరువు కోసం. ఆమె చెప్పలేదు. ఎవురన్నా ఏమన్నా అడగాలంటే నన్ను అడగండి, ఆమెని అడగొద్దండి."

ఒక పిల్లోడు బజ్జీ కొరకబోయి ఆగినాడు. దురుగమ్మ గరిటె పక్కన పెట్టి, "నేనేంటికి అడుగుతాను శెట్టెమ్మా," అనింది మెల్లగా. "నా మొగుడు ఉండాడు. ఉండి ఏం పెట్టినాడు?"

ఇద్దరు ముగ్గురు నవ్వినారు. నన్ను చూసి కాదు. నేను రోడ్డు దాటి ఇంట్లోకి వచ్చేసినా. మొగం మండిపోతాండె. నిప్పుల కాడ నిలబడినందుకే అని నాకు నేను చెప్పుకున్నా. కిటికీ రెక్క తెరిచుండాది. పంకజ వంటింట్లో బియ్యం ఏరతాంది. విన్నాదో లేదో మొగంలో తెలీలేదు.

శనివారం పొద్దున ఇద్దరూ తయారై వచ్చినారు. పంకజ ఇస్త్రీ చీర కట్టుకుంది. "బ్యాంకుకి పోయొస్తాం వదినా," అనింది. గుడి అనలేదు. నేనూ తోడు రావాల్నా అని అడగాలనిపించింది, అడగలేదు. వాకిట్లో నిలబడి చూసినా. కొళాయి కాడ ఒకామె "యాడికి అక్కా?" అని అడిగింది, పంకజ నిలబడి జవాబు చెప్పింది, ఆమె ఏదో అంటే వినూత నవ్వింది. సందు మలుపు తిరిగినారు.

మధ్యాన్నానికి భీమేష్ మూట దించి పోయినాడు. కత్తెర మళ్ళీ టిక్కుటిక్కుమనింది. అంతటితో అయిపోయింది అనుకున్నా నేను. నా తప్పు నేను ఒప్పుకున్నా, ఈదిలో ఒప్పుకున్నా, ఇంకేం కావాలి అని లోపల కొంచెం పొగరు కూడా మళ్ళీ లేచింది.

కూలి మొదటిసారి ఆమె ఖాతాలో పడిన రోజు, పంకజ అంగట్లోకి వచ్చింది. అంగట్లోకి ఆమె వచ్చేది తక్కువ. వెనకాల వినూత.

"వదినా, ఒక మాట."

"చెప్పు."

"ఈ నెల నుంచి నా కూటి డబ్బులు నేను ఇస్తా. నెలకి ఎంతనో చెప్పండి."

"ఏంది పంకజా? ఇదేమన్నా హోటలా?"

"హోటలయితే గోడ మీద రాసింటారు. అడిగే పనుండదు."

మంజు తలెత్తి చూసినాడు, మళ్ళీ దించుకున్నాడు.

"ఇది నీ అన్న ఇల్లు," అన్నా.

"అన్న లేడు గదా వదినా."

"నేనున్నా గదా!"

ఆమె నన్ను చూసుకుంటా నిలబడింది, కోపంగా కాదు, బియ్యం ఎన్ని గ్లాసులు పోయమంటారు అని అడిగేటప్పుడు ఎట్ల చూస్తాదో అట్ల.

"నేను తీసుకోను," అన్నా. "తీసుకుంటే నలుగురూ ఏమంటారు?"

"అయితే పైన గదిలో నాకు వేరే పొయ్యి పెట్టుకుంటా. అప్పుడు నలుగురూ ఏమంటారో చూసుకోండి." ఆగింది. "ఎవురేం అడిగినా రేటు టక్కున చెప్తారు గదా మీరు. చెప్పండి."

ఎత్తిపొడుపుకి అనలేదు. ఎత్తిపొడిచే గుణం ఆమెకి లేదు, నాకే ఉండాది. నేను నోరు తెరిచి ఒక లెక్క చెప్పినా. చానా తక్కువగా చెప్పినా.

"బియ్యం అంత చవగ్గా లేవు ఇప్పుడు," అని ఆమే ఇంకొంచెం పెంచింది. తర్వాత వినూత వైపు తిరిగి, "నొక్కమ్మా," అనింది.

గల్లాపెట్టె మీద డబ్బులు పడినప్పుడు అరిచే డబ్బా ఒకటి పెట్టినాడు మంజు. అది పంకజ ఇచ్చిన రూపాయల్ని గట్టిగా, అంగడంతా వినపడేటట్ల కన్నడంలో చెప్పింది. పంకజ అది పూర్తిగా విని, సరిపోయిందని తల ఊపి, దారాల పనికి పోయింది.

ఇప్పుడు ప్రతి నెలా అది అరుస్తాది. బేరానికి వచ్చినోళ్ళు ఎవురో పసుపు కొన్నారనుకుంటారు. నేను తల వంచుకుని పొట్లాలు కడతా ఉంటా.